ఐసీ పవర్ పిన్లు: మీ సప్లైకి సరిపోయే చిప్, చిప్‌కి సరిపోయే కనెక్షన్

కొత్తగా సర్క్యూట్ మొదలుపెట్టేవాళ్లు ముందు ఐసీ ఎంచుకుంటారు. తర్వాత తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్ తెరిచి దానికి ఎన్ని వోల్టులు కావాలో చూసి, ఆ సప్లై ఎక్కడినుంచి తేవాలా అని తల పట్టుకుంటారు. ఈ వరస తిప్పేస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది. మీ చేతిలో ఉన్నది 5 వోల్టుల యూఎస్‌బీనా, ఒక్క లిథియం సెల్లా, 12 వోల్టుల అడాప్టరా అన్నది ముందు తేల్చుకోండి. దాని మీద హాయిగా నడిచే ఐసీని తర్వాత వెతకండి. ఒకే పని చేసే చిప్‌లు డజను రకాలు దొరుకుతాయి. వాటి మధ్య తేడా చాలావరకు పవర్ పిన్ల దగ్గరే బయటపడుతుంది.

పిన్ పేరును ఎంతవరకు నమ్మొచ్చు

వీసీసీ అంటే బైపోలార్ ట్రాన్సిస్టర్ల కలెక్టర్ వైపు సప్లై, వీఈఈ అంటే ఎమిటర్ వైపు. మాస్‌ఫెట్లతో చేసిన చిప్‌లలో డ్రెయిన్ వైపుది వీడీడీ, సోర్స్ వైపుది వీఎస్ఎస్. పేర్లు పుట్టింది అలాగే, కానీ ఆ గీత ఎప్పుడో చెరిగిపోయింది. ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ లోపలంతా సీమాస్, అంటే మాస్‌ఫెట్లే, అయినా పిన్ మీద పేరు వీసీసీ. కాబట్టి వీసీసీ, వీడీడీ, వీ ప్లస్ అంటే పాజిటివ్ సప్లై. జీఎన్‌డీ, వీఎస్ఎస్ అంటే సున్నా వోల్టు. వీఈఈ, వీ మైనస్ అంటే సర్క్యూట్‌లో అన్నిటికన్నా కింద ఉండే వోల్టేజి అనుకుంటే చాలా చిప్‌లకు సరిపోతుంది. సరిపోని ఆ కొన్ని చిప్‌లే కొంప ముంచుతాయి.

మోటార్ డ్రైవర్ ఎల్298 సంగతి చూడండి. దాని 9వ పిన్ పేరు వీఎస్ఎస్. పేరు చూసి గ్రౌండ్‌కి కలిపేస్తే చిప్ ఉలకదు పలకదు, ఎందుకంటే అక్కడ ఇవ్వాల్సింది లాజిక్ భాగానికి 5 వోల్టులు. మోటార్ సప్లై 4వ పిన్, దాని పేరు వీఎస్. గ్రౌండ్ 8వ పిన్. దీని తమ్ముడు ఎల్293డీ ఇంకా తమాషా. ఎస్‌టీ కంపెనీ వాళ్ల డేటాషీట్‌లో వీఎస్ఎస్, వీఎస్ అని ఉన్న పిన్లే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ డేటాషీట్‌లో వీసీసీ1, వీసీసీ2 అయిపోతాయి. రెండిట్లోనూ 16వ పిన్ లాజిక్‌కి, 8వ పిన్ మోటార్‌కి. మారింది పేర్లే.

సీరియల్ పోర్టు సిగ్నళ్లను మార్చే మ్యాక్స్232 చిప్‌లో అయితే 2వ పిన్ వీ ప్లస్, 6వ పిన్ వీ మైనస్. ఇవి సప్లై తీసుకునే పిన్లు కానే కావు. 16వ పిన్‌కి ఇచ్చిన 5 వోల్టులను లోపలి ఛార్జ్ పంప్ (కెపాసిటర్లతో వోల్టేజి మార్చే భాగం) పెంచి, ఒకదాన్ని తిరగేసి, ఈ రెండు పిన్ల మీదకు తెస్తుంది. అక్కడ కెపాసిటర్లు పెట్టాలి, వోల్టేజి ఇవ్వకూడదు.

అందుకే ప్రతి పవర్ పిన్ దగ్గర డేటాషీట్‌లో నాలుగు సంగతులు వెతుకుతాను. అది కరెంటు తీసుకునే పిన్నా, ఇచ్చే పిన్నా? లోపల ఏ భాగాన్ని నడుపుతుంది? ఎంత నుంచి ఎంత వరకు ఇవ్వొచ్చు? పక్కనున్న ఇంకో పవర్ పిన్‌తో పోలిస్తే ఎంత తేడా ఉండొచ్చు? నాలుగోది చాలామంది వదిలేస్తారు. చివరికి కాల్చేది కూడా ఎక్కువగా అదే.

మూడో ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. డేటాషీట్ మొదట్లో కనిపించే అబ్సల్యూట్ మ్యాగ్జిమమ్ పట్టిక చిప్ పాడుకాకుండా తట్టుకునే హద్దు మాత్రమే. సరిగ్గా పనిచేసే హద్దు దాని కింద రికమెండెడ్ ఆపరేటింగ్ కండిషన్స్‌లో ఉంటుంది. ఎంసీపీ6002 అనే ఆప్‌యాంప్‌కి (చిన్న సిగ్నల్‌ని పెంచే చిప్) మొదటి పట్టికలో 7 వోల్టులు అని ఉంటుంది, నడపాల్సిన హద్దు మాత్రం 1.8 నుంచి 6 వోల్టులే.

మూల పిన్లు అన్న అలవాటు

పాత 7400 సిరీస్‌లో 14 పిన్ల చిప్‌కి 14వ పిన్ సప్లై, 7వది గ్రౌండ్. 16 పిన్లదైతే 16, 8. ఈ అలవాటుతో చూడకుండా వైర్లు గుచ్చేవాళ్లకు 7490 కౌంటర్ గుణపాఠం చెబుతుంది: దానికి సప్లై 5వ పిన్, గ్రౌండ్ 10వ పిన్. సీడీ4049, సీడీ4050 బఫర్లలో (సిగ్నల్‌కి బలమిచ్చి పంపే చిప్‌లు) పాజిటివ్ సప్లై 1వ పిన్ మీద ఉంటుంది, 16వ పిన్ లోపల దేనికీ కలపలేదు. ఎల్ఎం324 లో ప్లస్ 4వ పిన్, గ్రౌండ్ 11వ పిన్. దాన్ని 7400 కోసం వైరింగ్ చేసిన సాకెట్‌లో పెడితే సప్లై నేరుగా ఒక ఆప్‌యాంప్ అవుట్‌పుట్ మీదకు, గ్రౌండ్ ఇంకో అవుట్‌పుట్ మీదకు పోతాయి.

మూలల్లో పెట్టడం బోర్డు గీసేవాడికి సులువు, చిప్‌కి మాత్రం మంచిది కాదు. రెండువైపులా కాళ్లుండే డిప్ ప్యాకేజీలో మూల కాళ్లకు లోపలి లోహపు దారి అన్నిటికన్నా పొడుగు, ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) కూడా అంతే ఎక్కువ. గ్రౌండ్ దారిలో 5 నానోహెన్రీలు ఉన్నాయనుకోండి. ఒక అవుట్‌పుట్ 1 నానోసెకనులో 20 మిల్లీఆంపులు మారితే ఆ దారి మీద 0.1 వోల్టు ఎగురుతుంది. ఎనిమిది అవుట్‌పుట్లు ఒకేసారి మారితే 0.8 వోల్టు. అంటే చిప్ లోపలి గ్రౌండ్ బయటి గ్రౌండ్ కన్నా ఆ క్షణంలో అంత పైన ఉంటుంది, మారకుండా ఉండాల్సిన అవుట్‌పుట్ మీద కూడా ఆ గంతు కనిపిస్తుంది. అందుకే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 74ఏసీ11000 లాంటి వరసలో పవర్ పిన్లను మూలల నుంచి మధ్యకు మార్చింది. ఈ రోజుల్లో మైక్రోకంట్రోలర్‌కి నాలుగువైపులా మూడేసి నాలుగేసి వీడీడీ, వీఎస్ఎస్ జతలు ఉండటానికి కారణం కూడా ఇదే. ఒక్క జత కలిపితే చిప్ లేస్తుంది, అప్పటికి పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. తర్వాత ఏదో పోర్టు అంతా ఒకేసారి మారినప్పుడు అర్థంకాకుండా రీసెట్ అవుతుంది. అన్నీ కలపండి, ఇందులో ఎంపికేమీ లేదు.

కాళ్లు బయటికి రాని చదునైన క్యూఎఫ్ఎన్ ప్యాకేజీ అడుగున ఉండే లోహపు ప్యాడ్ కూడా లెక్కలోకి వస్తుంది. ఆర్‌పీ2040 మైక్రోకంట్రోలర్‌కి చుట్టూ ఒక్క గ్రౌండ్ పిన్ కూడా లేదు, అడుగు ప్యాడే ఏకైక గ్రౌండ్. అలాగని ప్యాడ్ ఎప్పుడూ గ్రౌండే అనుకోవద్దు. రెండు సప్లైల మీద నడిచే కొన్ని ఆప్‌యాంపుల్లో అది వీ మైనస్‌కి కలిసి ఉంటుంది.

లాజిక్ చిప్: ఎల్ఎస్, హెచ్‌సీ, హెచ్‌సీటీ, ఎల్‌వీసీ, 4000

ఒకే నాండ్ గేటు ఇన్ని కుటుంబాల్లో దొరుకుతుంది. ఏది కొనాలో ముందుగా చెప్పేది సప్లై.

74ఎల్ఎస్‌కి 4.75 నుంచి 5.25 వోల్టులే, అటూ ఇటూ జరగదు. కొత్త డిజైన్‌కి దీన్ని తీసుకోవాల్సిన అవసరం దాదాపు లేదు. పాత బోర్డు రిపేరుకే పనికొస్తుంది. 74హెచ్‌సీ 2 నుంచి 6 వోల్టుల వరకు నడుస్తుంది, బ్యాటరీ సర్క్యూట్లకు బాగుంటుంది. 74హెచ్‌సీటీకి 4.5 నుంచి 5.5. 74ఎల్‌వీసీకి 1.65 నుంచి 3.6 వోల్టులు, పైగా దాని ఇన్‌పుట్ల మీద 5 వోల్టులు వచ్చినా తట్టుకుంటుంది. సీడీ4000బీ వరస 3 నుంచి 18 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీ మీద రెగ్యులేటర్ లేకుండా నడిపేయొచ్చు, కానీ 5 వోల్టుల దగ్గర చాలా నెమ్మది: సీడీ4011 లో ఒక గేటు దాటడానికి సుమారు 125 నానోసెకన్లు పడితే, 74హెచ్‌సీ00 లో 10 లోపే. అవుట్‌పుట్ ఇచ్చే కరెంటు కూడా 5 వోల్టుల మీద మిల్లీఆంపు అటూఇటూ మాత్రమే. ఎల్ఈడీని నేరుగా వెలిగించాలంటే ఆశపడొద్దు.

హెచ్‌సీ, హెచ్‌సీటీ మధ్య ఎంపిక అందరినీ తికమక పెడుతుంది. రెండూ 5 వోల్టుల మీద నడుస్తాయి, పిన్లు ఒకటే, వేగం దాదాపు ఒకటే. తేడా ఇన్‌పుట్‌లో. హెచ్‌సీకి హై (లాజిక్ 1) అనిపించాలంటే సప్లైలో 70 శాతం రావాలి, అంటే 5 వోల్టుల మీద 3.5 వోల్టులు. మీ మైక్రోకంట్రోలర్ 3.3 వోల్టులదైతే అది ఎంత గట్టిగా హై ఇచ్చినా 3.3 దాటదు. టేబుల్ మీద పనిచేయొచ్చు, చాలాసార్లు చేస్తుంది కూడా, ఎందుకంటే హెచ్‌సీ చిప్ అసలు మారే చోటు సప్లైలో సగం దగ్గర ఉంటుంది. కానీ డేటాషీట్ భరోసా ఇవ్వదు. వేడెక్కాకో, ఇంకో బ్యాచ్ చిప్‌తోనో మొరాయిస్తే ఎవరినీ అనడానికి లేదు. హెచ్‌సీటీకి 2 వోల్టులు చాలు. 3.3 నుంచి 5 కి సిగ్నల్ పంపాలంటే సప్లై 5 వోల్టులు ఇచ్చిన 74హెచ్‌సీటీ బఫర్ అన్నిటికన్నా చవక దారి. 5 నుంచి 3.3 కి దిగాలంటే 3.3 వోల్టుల మీద నడిచే 74ఎల్‌వీసీ.

రెండువైపులా పోయేవాటికి టీఎక్స్‌బీ0108 లాంటి లెవెల్ షిఫ్టర్ వాడతారు. దానికి వీసీసీఏ, వీసీసీబీ అని రెండు సప్లై పిన్లు. ఏ వైపుకి 1.2 నుంచి 3.6, బీ వైపుకి 1.65 నుంచి 5.5. ఇక్కడే నాలుగో ప్రశ్న వస్తుంది: వీసీసీఏ ఎప్పుడూ వీసీసీబీని మించకూడదు. బోర్డు అందంగా వస్తుందని రెండువైపులా తిప్పి పెడితే కుదరదు.

ఆప్‌యాంప్: ఒక్క సప్లైనా, ప్లస్ మైనస్సా

ఆప్‌యాంప్‌కి గ్రౌండ్ పిన్ ఉండదు. ఎల్ఎం358 4వ పిన్ మీద గ్రౌండ్ అని రాసి ఉన్నా సరే. దానికి తెలిసింది పై సప్లై, కింద సప్లై, రెండిటి మధ్య తేడా అంతే. ప్లస్ మైనస్ 15 వోల్టులు ఇచ్చినా, ఒకే 30 వోల్టులు ఇచ్చినా చిప్‌కి ఒకటే. అసలు చూడాల్సింది ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఆ రెండు హద్దులకు ఎంత దగ్గరగా వెళ్లగలవన్నది.

మూడు చిప్‌లను పక్కపక్కన పెట్టి చూద్దాం. మూడింటిలోనూ రెండేసి ఆప్‌యాంప్‌లు, మూడింటికీ 8వ పిన్ పాజిటివ్, 4వ పిన్ నెగటివ్. ఒకదాని బదులు ఇంకొకటి సాకెట్‌లో సరిగ్గా కూర్చుంటుంది, గొడవంతా అక్కడే.

ఎల్ఎం358 ఒక్క సప్లై మీద 3 నుంచి 32 వోల్టుల వరకు నడుస్తుంది. ఇన్‌పుట్ సున్నా దాకా దిగొచ్చు, అవుట్‌పుట్ కూడా లోడ్ తేలికైతే సున్నా దగ్గరికి దిగుతుంది. కానీ పైకి సప్లై కన్నా సుమారు 1.5 వోల్టుల కిందే ఆగిపోతుంది. 5 వోల్టులిస్తే అవుట్‌పుట్ 3.5, 3.3 ఇస్తే 1.8 దగ్గరే తల బాదుకుంటుంది. 12 వోల్టుల అడాప్టర్ మీద సెన్సర్ సిగ్నల్ పెంచడానికి మాత్రం నేను మొదట చూసేది దీన్నే.

టీఎల్072 ఆడియోకి బాగుంటుంది, నాయిస్ తక్కువ, ఇన్‌పుట్ జేఫెట్. కానీ మామూలు టీఎల్072 ఇన్‌పుట్ కింద సప్లై దగ్గరికి దిగలేదు, మూడు నాలుగు వోల్టులు పైనే ఉండాలి. అంతకన్నా కిందికి దిగితే అవుట్‌పుట్ తలకిందులైపోతుంది, కిందికి పోవాల్సింది పైకి ఎగిరిపోతుంది. 5 వోల్టుల ఒక్క సప్లై మీద దీన్ని వాడటం శుద్ధ దండగ. ప్లస్ మైనస్ 12 గానీ 15 గానీ ఉన్నప్పుడే తీసుకోండి.

ఎంసీపీ6002 రైల్ టు రైల్. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ దాదాపు పై నుంచి కింది దాకా వెళ్తాయి. 3.3 వోల్టులకు, ఒక్క లిథియం సెల్‌కి ఇదే నా ఎంపిక. 9 వోల్టుల బ్యాటరీ పెట్టారో, చిప్ తన 7 వోల్టుల హద్దు దాటి పోయినట్టే.

ఆడియో లాంటి అటూఇటూ ఊగే సిగ్నల్‌కి ఒక్క సప్లై మాత్రమే ఉంటే, సప్లైలో సగం దగ్గర ఒక మధ్య వోల్టేజి తయారుచేసుకోవాలి. రెండు సమాన రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ చాలావాటికి చాలు. అక్కడినుంచి కరెంటు లాగాల్సి వస్తే మిగిలిన ఆప్‌యాంప్‌ని బఫర్‌గా పెట్టండి. నిజంగానే మైనస్ కావాలంటే ఐసీఎల్7660 లాంటి ఛార్జ్ పంప్ 5 వోల్టుల నుంచి మైనస్ 5 చేస్తుంది. కానీ దాని అవుట్‌పుట్ రెసిస్టెన్స్ 55 ఓమ్‌ల దాకా ఉంటుంది, 20 మిల్లీఆంపులు లాగితే వోల్టుకు పైగా పడిపోతుంది. ఒకటి రెండు ఆప్‌యాంప్‌లకు సరే, అంతకు మించి వద్దు.

ఇదే చోట సీడీ4051, సీడీ4053 అనలాగ్ స్విచ్‌లను కూడా తలచుకోవాలి. వాటికి వీడీడీ 16, వీఎస్ఎస్ 8 తో పాటు 7వ పిన్ వీఈఈ అని ఉంటుంది. స్విచ్ గుండా మైనస్ వోల్టేజీ వెళ్లాలంటే అక్కడ మైనస్ సప్లై ఇవ్వాలి. అక్కర్లేకపోతే గ్రౌండ్‌కి కలపాలి. గాల్లో వదిలేస్తే ఆ స్విచ్ ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

మైక్రోకంట్రోలర్‌లో అనలాగ్ సప్లై

ఏటీమెగా328పీ 28 పిన్ల చిప్‌లో 7వది వీసీసీ, 8, 22 గ్రౌండ్లు, 20వది ఏవీసీసీ, 21వది ఏరెఫ్. ఏడీసీ (అనలాగ్ వోల్టేజిని అంకెగా మార్చే భాగం) వాడటం లేదు కదా అని ఏవీసీసీని వదిలేసేవాళ్లున్నారు. కానీ ఆ పిన్ ఏడీసీతో పాటు సీ పోర్టులో 0 నుంచి 3 వరకు ఉన్న పిన్లను కూడా నడుపుతుంది. వదిలేస్తే అక్కడ పెట్టిన బటన్, ఎల్ఈడీ ఎందుకు పిచ్చిగా ప్రవర్తిస్తున్నాయో కోడ్‌లో వెతికి వెతికి అలసిపోతారు. ఏడీసీ వాడినా వాడకపోయినా ఏవీసీసీ కలపాలి, అది వీసీసీ కన్నా 0.3 వోల్టుకు మించి అటూఇటూ పోకూడదు.

ఎలా కలపాలన్నదే ఎంపిక. నేరుగా వీసీసీకి కలిపి 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టడం మొదటి దారి. 5 వోల్టుల మీద 10 బిట్ల ఏడీసీకి ఒక మెట్టు 4.9 మిల్లీవోల్టులు. సప్లై మీద 20 మిల్లీవోల్టుల అలజడి ఉంటే రీడింగ్ నాలుగు మెట్లు ఊగుతుంది. పొటెన్షియోమీటర్ చదవడానికి అది సమస్యే కాదు, పైగా పొటెన్షియోమీటర్‌కి అదే సప్లై ఇస్తే నెమ్మదిగా జరిగే మార్పులు రెండువైపులా ఒకేలా కదిలి రద్దయిపోతాయి. రెండోది డేటాషీట్ చెప్పే దారి: మధ్యలో 10 మైక్రోహెన్రీ ఇండక్టర్, చిప్ వైపు 100 నానోఫారడ్. థర్మిస్టర్, మైక్రోఫోన్ లాంటివి చదవాలంటే ఇది పెట్టండి, ఖర్చు ఏమంత కాదు. ఇండక్టర్ బదులు 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టేవాళ్లూ ఉన్నారు. ఏడీసీ తాగేది కొద్ది కరెంటే కాబట్టి మామూలుగా నడుస్తుంది. కానీ ఈ చిప్‌లో సీ పోర్టు 0వ పిన్ మీద 10 మిల్లీఆంపుల ఎల్ఈడీ పెడితే ఆ కరెంటు కూడా అదే రెసిస్టర్ గుండా వస్తుంది, అది వెలిగినప్పుడల్లా ఏవీసీసీ 0.1 వోల్టు కుంగుతుంది. ఏడీసీ పోల్చి చూసే వోల్టేజి, అంటే రెఫరెన్స్ కూడా అదే అయితే కొలత రెండు శాతం తప్పు. ప్రత్యేకంగా అనలాగ్‌కే ఇంకో రెగ్యులేటర్ అన్నది మూడో దారి. 10 బిట్లకు అది ఆర్భాటం. బయట పెట్టిన 16 బిట్ల ఏడీసీకైతే న్యాయమే.

ఎస్‌టీఎం32ఎఫ్103 లో ఇదే పిన్ వీడీడీఏ. చిప్ 2 వోల్టుల దాకా నడుస్తుంది కానీ ఏడీసీ వాడాలంటే వీడీడీఏకి కనీసం 2.4 వోల్టులు ఉండాలి. ఆ పిన్ దగ్గర 10 నానోఫారడ్, 1 మైక్రోఫారడ్ పెట్టమంటుంది ఎస్‌టీ. ఈ చిప్‌కే వీబ్యాట్ అని ఇంకొకటి ఉంది, గడియారం భాగాన్ని బ్యాటరీ మీద నడపడానికి. బ్యాటరీ లేకపోతే వీడీడీకి కలపండి.

ఏరెఫ్ ఏడీసీ రెఫరెన్స్ పిన్, సప్లై పిన్ కాదు, కానీ పక్కనే ఉంటుంది కాబట్టి సప్లై ఇచ్చేస్తుంటారు. ప్రోగ్రాంలో లోపలి రెఫరెన్స్ ఎంచుకుని బయట ఏరెఫ్‌కి 5 వోల్టులు కలిపితే రెండు సప్లైలు కొట్టుకుంటాయి. అక్కడ కెపాసిటర్ ఒక్కటే ఉంచండి.

బయటికిచ్చే పిన్లు

ఎస్‌టీఎం32ఎఫ్407 లో వీక్యాప్1, వీక్యాప్2 అనే పిన్లు చూసి, వీ అంటే సప్లై కదా అని 3.3 వోల్టులు కలిపితే ఆ చిప్ సంగతి అంతే. లోపలి రెగ్యులేటర్ కోర్ కోసం చేసే 1.2 వోల్టులు బయటికి కనిపించే చోటు అది. ఒక్కోదానికి 2.2 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్, అంతే.

ఆర్‌పీ2040 లో కొంచెం వేరు. దాని లోపలి రెగ్యులేటర్ 1.1 వోల్టులు ఒక పిన్ మీద ఇస్తుంది, కోర్ దాన్ని డీవీడీడీ అనే వేరే పిన్ల మీద తీసుకుంటుంది. ఆ రెండిటినీ బోర్డు మీద మీరే కలపాలి. మర్చిపోతే పిన్లకు 3.3 వోల్టులు ఉన్నా కోర్ నిద్ర లేవదు.

యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే ఎఫ్‌టీ232ఆర్ చిప్ మీద 3.3 వోల్టుల అవుట్‌పుట్ పిన్ ఉంది, 50 మిల్లీఆంపులే ఇస్తుంది. చిన్న సెన్సర్‌కి ఆ పిన్ వాడుకోవచ్చు. ఈఎస్‌పీ32 కి వద్దే వద్దు. దానికి 500 మిల్లీఆంపులు ఇవ్వగల సప్లై ఉండాలని తయారీదారే చెబుతున్నాడు. వైఫై పంపే క్షణంలో లాగే కరెంటుకు సప్లై కుంగి, చిప్ రీసెట్ అయి, మళ్లీ లేచి, మళ్లీ పడుతుంది.

మోటార్ డ్రైవర్: పవర్ పిన్లను బట్టే ఎంచుకోండి

ఎల్298 కి లాజిక్ 5 వోల్టులు, మోటార్‌కి 46 దాకా. బైపోలార్ కాబట్టి ఒక ఆంపు దగ్గర రెండు వోల్టులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ లోపలే తినేస్తుంది. 24 వోల్టుల మోటార్‌కి అది పట్టించుకోనక్కర్లేదు. 6 వోల్టుల బ్యాటరీ బొమ్మ కారుకి మూడో వంతు వేడిగా పోయినట్టే. ఎల్293డీ 600 మిల్లీఆంపులదే, కానీ నష్టం అదే తీరు. దాని 4, 5, 12, 13 నాలుగూ గ్రౌండ్లే, ఆ నాలుగింటి కిందా వెడల్పాటి రాగి ఉంచితే వేడి అటునుంచే పోతుంది. టీబీ6612 మాస్‌ఫెట్లతో చేసింది, మోటార్ పిన్‌కి 13.5 వోల్టుల దాకా, లాజిక్ పిన్‌కి 2.7 నుంచి 5.5. 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్‌తో నేరుగా మాట్లాడుతుంది. డీఆర్‌వీ8833 కి లాజిక్ సప్లై పిన్నే లేదు, 2.7 నుంచి 10.8 వోల్టుల ఒక్క మోటార్ సప్లై నుంచే అన్నీ చేసుకుంటుంది. రెండు సెల్‌ల చిన్న బండికి నేను దీన్నే తీసుకుంటాను. వైర్లు తక్కువ, నష్టం తక్కువ. 12 వోల్టులైతే టీబీ6612, అంతకు పైనైతేనే ఎల్298.

రెగ్యులేటర్, కెపాసిటర్

12 వోల్టుల నుంచి 7805 తో 5 వోల్టులు చేసి సగం ఆంపు లాగితే 3.5 వాట్లు వేడిగా పోతాయి, హీట్‌సింక్ లేకుండా నిలవదు. అక్కడ వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ వోల్టేజి దించే బక్ కన్వర్టర్ పెట్టండి. 50 మిల్లీఆంపులకైతే 7805 చాలు, నాయిస్ కూడా లేదు. 5 నుంచి 3.3 కి ఏఎంఎస్1117 సరే, కానీ దానికి పైన 1.1 నుంచి 1.3 వోల్టుల తేడా కావాలి. 3.7 వోల్టుల లిథియం సెల్ నుంచి 3.3 తీయాలంటే ఇది పనికిరాదు, తక్కువ డ్రాపవుట్‌ది చూసుకోవాలి.

ప్రతి సప్లై పిన్ పక్కన 100 నానోఫారడ్ సిరామిక్ అన్నది మీరు వినే ఉంటారు. పక్కన అన్న మాటకే విలువ. ఒక మిల్లీమీటరు సన్నని దారికి సుమారు 1 నానోహెన్రీ వస్తుంది, రెండు సెంటీమీటర్ల దూరంలో పెట్టిన కెపాసిటర్ వేగంగా మారే కరెంటుకు లేనట్టే. బోర్డు మొదట్లో పెట్టిన పెద్ద ఎలక్ట్రోలైటిక్ దాని పని అది చేస్తుంది, వీటి పని చేయదు. సిరామిక్ కొనేటప్పుడు ఎక్స్7ఆర్ రకం తీసుకోండి, వై5వీ వద్దు. 6.3 వోల్టుల రేటింగ్ ఉన్న చిన్న 10 మైక్రోఫారడ్ సిరామిక్‌ని 5 వోల్టుల మీద పెడితే అసలు కెపాసిటెన్స్ సగానికి తక్కువే మిగలొచ్చు. రేటింగ్ ఎక్కువ ఉన్నదో, సైజు పెద్దదో చూసుకోండి.

సప్లై ఇవ్వకుండానే నడిచే చిప్

వీసీసీ వైరు ఊడిపోయినా చిప్ పనిచేస్తూనే ఉండటం మీరు చూసే ఉంటారు. దాదాపు ప్రతి ఇన్‌పుట్ పిన్ నుంచి సప్లై పిన్‌కి లోపల ఒక రక్షణ డయోడ్ ఉంటుంది. ఇన్‌పుట్ మీద 5 వోల్టులు ఉంటే ఆ డయోడ్ గుండా సుమారు 4.4 వోల్టులు వీసీసీ మీదకు వచ్చేస్తాయి. మీటర్ పెట్టి చూస్తే సప్లై ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ డయోడ్ కొద్ది మిల్లీఆంపులకు చేసింది, చిప్ మొత్తాన్ని మోయడానికి కాదు. ఇంకా ఘోరం లాచప్: డయోడ్ గుండా కరెంటు ఎక్కువై లోపల ఒక దారి తెరుచుకుంటే, సప్లై తీసేదాకా మూసుకోదు, చిప్ వేడెక్కి పోతుంది.

కాబట్టి రెండు సప్లైలున్న బోర్డులో ఒక భాగం ఆపేసి ఇంకో భాగం నడపాలంటే, ఆగిపోయిన చిప్ వైపు వెళ్లే పిన్లను లో (సున్నా వోల్టు) స్థితిలో గానీ ఇన్‌పుట్‌గా గానీ పెట్టేయండి. తరచూ ఆపాల్సి వస్తే సప్లై లేనప్పుడు పిన్లను వదిలేసే చిప్‌లు, డేటాషీట్‌లో పార్షియల్ పవర్ డౌన్ అని రాసినవి, 74ఎల్‌వీసీ లాంటివి మధ్యలో పెట్టడం మంచిది. లోపలి సర్క్యూట్‌ని మనమే అమర్చుకునే ఎఫ్‌పీజీఏ చిప్‌ల్లో ఇది ఇంకో మెట్టు. ఆర్టిక్స్7 లో కోర్‌కి 1 వోల్టు, తర్వాత సహాయక భాగానికి 1.8, చివర్లో పిన్లకు 1.2 నుంచి 3.3 వరకు మీరు ఎంచుకున్నది, ఆ వరసలోనే పైకి రావాలని తయారీదారు సలహా.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు చిప్ సాకెట్‌లో లేకుండా సప్లై ఇచ్చి, సాకెట్ దగ్గర ఒక్కో పవర్ పిన్ మీద వోల్టేజి కొలవండి. తర్వాత ఆపి, చిప్ పెట్టి, బెంచ్ సప్లైలో కరెంటు హద్దును మీరు ఆశించేదానికి కాస్త పైన పెట్టి ఆన్ చేయండి. అప్పుడు కొలిచేటప్పుడు మీటర్ సూదిని బ్రెడ్‌బోర్డు పట్టీ మీద కాదు, చిప్ కాలి మీదే ఆనించండి. పొడవాటి బ్రెడ్‌బోర్డుల్లో కొన్నిటికి పవర్ పట్టీ సరిగ్గా మధ్యలో తెగి ఉంటుంది. పైన గీసిన ఎర్ర గీత అక్కడ ఆగిందో లేదో చూస్తే తెలిసిపోతుంది. కుడి సగంలో ఉన్న చిప్‌లకు సప్లై రాకపోవడానికి సగం సార్లు అదే కారణం.